మా రైలు దారిలో బలరాం

కురుపాం చరిత్ర చెప్పమంటే ఎవరైనా కోట దగ్గరే మొదలుపెడతారు. వైరిచర్ల వారి జమీందారీ, విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఇప్పటికీ ఆ పేరుతోనే ఉన్న కురుపాం మార్కెట్ ముందు వస్తాయి. ఆ తరవాత 1967 అక్టోబర్ 31న లెవిడి దగ్గర భూస్వాముల తూటాలకు నేలకొరిగిన గిరిజనులు కోరన్న, మంగన్నల కథ వస్తుంది. ఇవన్నీ చెప్పుకోవలసినవే. నేను ఇంకొకటి కలపాలనుకుంటున్నాను. అది రైలు వెంట వచ్చిన చరిత్ర.

కురుపాంకి రైలు లేదు, పార్వతీపురం వెళ్లి ఎక్కాలి. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో పట్టాలు వేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. జనం నోట అది బి.ఎన్.ఆర్. కొండల మధ్యగా రాయపూర్ వరకూ దారి పూర్తయ్యేసరికి 1931 వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఆ కంపెనీలో పనికి ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయింది. కానీ కలకత్తా మైదానాల్లో దాని ఫుట్‌బాల్ జట్టు మాత్రం బి.ఎన్.ఆర్. పేరుతోనే ఆడింది. దేశం గర్వించిన ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం చివరగా తొడుక్కున్నది ఆ జట్టు చొక్కానే.

బలరాంది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. తమిళం మాట్లాడే పేద కుటుంబం. ఆయన ఆట చూసిన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సెలక్షన్లకు రమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చి వెళ్లడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. అద్దె సైకిల్‌కి అయ్యే ఖర్చు రహీం తానే ఇచ్చారు. భారత ఫుట్‌బాల్‌కి ఒక మహా ఆటగాడు దొరికింది ఆ సైకిల్ అద్దెతోనే.

ఇరవై ఏళ్లకే, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. అక్కడ మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్ పిలిచింది. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉండగా, తొమ్మిదేళ్ల తరవాత ఆ క్లబ్ మళ్లీ కలకత్తా లీగ్ గెలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు హంగేరీతో తలపడ్డారు. ఆ ఏడాది కాంస్యం గెలిచిన జట్టది. రెండు గోల్స్ వెనకబడి, ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా బలరాం గోల్ కొట్టారు. 2-1తో ఓడిపోయినా ఎవరూ మనవాళ్లను తక్కువ చేసి మాట్లాడలేదు. పెరూ మీద కూడా ఆయన గోల్ చేశారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ ముందువరసలో నిలిచారు. అర్జున అవార్డూ అదే ఏడాది వచ్చింది.

1963లో ఆయన బి.ఎన్.ఆర్.కి మారారు. అప్పట్లో రైల్వే జట్టులో చోటంటే ఆటతో పాటు బతుకుతెరువు కూడా. కానీ ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ని మైదానంలో నిలవనివ్వలేదు. ముప్ఫై నిండకుండానే ఆట ఆపేశారు. సైకిల్ అద్దె ఇచ్చిన రహీం కూడా ఆ 1963 జూన్‌లోనే క్యాన్సర్‌తో కన్నుమూశారు. బలరాం రైల్వేలోనే ఉండి కుర్రాళ్లకు ఆట నేర్పారు, హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో స్థిరపడ్డారు. 2023 ఫిబ్రవరి 16న మరణించారు. పద్మ పురస్కారం ఆయన దాకా రానేలేదు.

బి.ఎన్.ఆర్.లో ఆయన ఆడింది కొద్దికాలమే. అయినా అరవై ఏళ్ల తరవాత కూడా ఆ జట్టు గురించి మాట్లాడితే బలరాం పేరు రాక మానదు. ఎన్నేళ్లు ఆడారన్నది జనం లెక్కపెట్టరు. బంతి కాలికి తగిలితే ఏం చేశారో గుర్తుపెట్టుకుంటారు.

మా కొండల మీద సవర, జాతాపు పిల్లలకు కాళ్లలో బలం, ఊపిరిలో దమ్ము చిన్నప్పటి నుంచే ఉంటాయి. ఏటవాలు దారుల్లో నడిచి పెరిగినవాళ్లకు మైదానంలో పరుగు భారం కాదు. ఆశ్రమ పాఠశాలల్లో సాయంత్రం వట్టికాళ్లతో బంతి వెంట పరిగెత్తే పిల్లల్ని చూస్తే ఎవరికైనా ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ పిల్లల్లో ఎందరో సెలక్షన్ల దాకా వెళ్లనే లేదు. ఆట రాక కాదు, విశాఖపట్నం వెళ్లడానికి ఛార్జీలు లేక, కాలికి బూట్లు లేక.

అందుకే నాదొక కోరిక. కురుపాంలో పిల్లలకు ఏటా ఒక ఫుట్‌బాల్ పోటీ పెట్టాలి, దానికి తులసీదాస్ బలరాం పేరు పెట్టాలి. గెలిచిన జట్టుకి కప్పు ఇవ్వండి, మంచిదే. బాగా ఆడిన పిల్లలకు మాత్రం బూట్లు, ఏడాది పొడుగునా సెలక్షన్లకు వెళ్లివచ్చే ఛార్జీలు ఇవ్వాలి. రహీం చేసింది అంతే కదా. ఊరంతా కలిస్తే ఆ మాత్రం ఖర్చు మనమూ పెట్టుకోగలం.