రైళ్ళు రాని స్టేషను

మొన్నొక కాన్ఫరెన్సుకని మాంచెస్టర్ సెంట్రల్‌కి వెళ్ళాను. కాఫీ కప్పు పట్టుకుని ఊరికే తల పైకెత్తితే... అబ్బో, ఎంత పెద్ద ఇనుప కమానో! మధ్యలో ఒక్క స్తంభం లేదు. తలుపు దగ్గరున్న పెద్దాయన నా వాలకం చూసి నవ్వి, "చిన్నప్పుడు మా నాన్నతో లండన్ రైలెక్కింది ఇక్కడే" అన్నాడు. ఆ తర్వాత ఒక్క ఉపన్యాసమైనా బుర్రకెక్కితే ఒట్టు!

ఇంటికొచ్చి చదివాను. మూడు రైల్వే కంపెనీలు కలిసి నడిపిన చెషైర్ లైన్స్ కమిటీ 1880లో తెరిచిన స్టేషను ఇది. కమాను వెడల్పు 210 అడుగులు. ఇక్కణ్ణించి పీక్ డిస్ట్రిక్ట్ కొండల మీదుగా లండన్ సెయింట్ పాంక్రాస్‌కి రైళ్ళు వెళ్ళేవి. 1960లో మిడ్లాండ్ పుల్‌మన్ అని నీలం రంగు డీజిల్ రైలొకటి దర్జాగా మొదలైంది. ఆ దర్జా ఆరేళ్ళే. 1966లో పికడిలీ స్టేషను నుంచి లండన్ యూస్టన్‌కి కరెంటు రైళ్ళొచ్చాయి. ఒకే ఊరికి రెండు దార్లెందుకన్నారు. పుల్‌మన్ ఆగిపోయింది. 1968లో కొండల దారి మూసేశారు. 1969 మే 5న స్టేషనుకే తాళం పడింది.

తర్వాత పదేళ్ళకు పైగా అది కార్లు పెట్టుకునే చోటు. గ్లాస్గోలో సెయింట్ ఈనక్ స్టేషనుదీ ఇదే కథ. 1966లో మూసి, కార్లు పెట్టి, 1977లో కూల్చేశారు. దీని అదృష్టం బాగుంది. 1978లో స్థానిక ప్రభుత్వం కొని బాగుచేయించింది. 1986లో జీమెక్స్ అనే ప్రదర్శనశాలగా తెరిచారు. 2007లో పాత పేరే మళ్ళీ పెట్టారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు నైటింగేల్ ఆసుపత్రి అయింది. రైళ్ళ కోసం స్తంభాల్లేకుండా కట్టిన చోటు కార్లకీ, కచేరీలకీ, రోగుల మంచాలకీ కూడా పనికొచ్చిందన్నమాట.

మరి ఆ కొండల దారో? మధ్యలో చాలా మైళ్ళు పట్టాలు పీకేశారు. కొంతమేర ఇప్పుడు జనం నడుస్తారు, సైకిళ్ళు తొక్కుతారు. అందంగానే ఉంటుందిట. కానీ ఆ పెద్దాయన ఎక్కిన రైలు ఇక రాదు.

నా ఉద్యోగంలో సగం ఇదే. పాత ప్రోగ్రాములు తిరగేసి, "దీన్నెవరూ వాడట్లేదు, తీసేయొచ్చు" అని రిపోర్టు రాయడం. నిన్న అలాంటిదే ఒకటి రాస్తూ ఆగిపోయాను. ఒక్కదాన్నే చూస్తే నిజంగానే పనికిరానిది. దాని మీదుగా ఏ దారి పోతోందో చూశానా? చూళ్ళేదు. రిపోర్టు పక్కన పెట్టి, ముందు అది చూస్తున్నాను.

మీరెప్పుడైనా మాంచెస్టర్ వస్తే ఆ హాల్లో ఒక్కసారి తల పైకెత్తండి. కాఫీ జాగ్రత్త!