బాలవాఙ్మయ పునఃపఠనము

బాలశబ్దమునకు లోకమున వయస్సునుబట్టి యర్థము. శాస్త్రమున నట్లు గాదు. అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలుర కొఱకే రచించెను. ఆ బాలుఁ డెవ్వఁ డన్నచో, వ్యాకరణ కావ్య కోశములఁ జదివి తర్కమును మాత్రము చదువనివాఁడని వ్యాఖ్యాతలు చెప్పిరి. చిన్నయసూరి బాలవ్యాకరణమును బసిబిడ్డలు చదువఁగలిగినది గాదు. కావున బాలుఁ డనఁగాఁ దన యెదుటి గ్రంథము నింకను దెలియనివాఁ డని భావము. చిన్ననాఁడు చదివిన బొమ్మల పుస్తకమును నడివయస్సున మరల విప్పువారి విషయమున నీ యర్థమే విచారణీయము.

తెలుఁగున నట్టి పఠనమునకుఁ బ్రధానమైన యాకరములు మాసపత్రికలు. న్యాయపతి రాఘవరావు (1905–1984), కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్య యను పేరులఁ బిల్లల కార్యక్రమమును నడపి ప్రసిద్ధులైరి. వారు 1945లో 'బాల' పత్రికను వెలువరించిరి. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథయు, బాపు తొలినాళ్ల బొమ్మలును అందే ప్రకటితములు. 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణులు 'చందమామ' నారంభించిరి. 1956లో ఆంధ్రప్రదేశ రాష్ట్ర మేర్పడిన కాలమున రాఘవరావు దంపతులు హైదరాబాదు చేరిరి. నారాయణగూడ బాలానందసంఘమునకు నెలవయ్యెను. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము గలదు. బషీర్‌బాగునకుఁ జేరువనున్న ఆబిడ్సు కాలిబాటలపై నాదివారము పాతపుస్తకముల సంత జరుగును. బాల్యమునఁ జదివిన సంచికను వెదకువారికి నేఁటికిని ఈ ప్రాంతమే దారి.

అట్లు దొరకిన సంచికలోఁ బెద్దవాఁ డేమి చూచును? చందమామలోని బేతాళకథలే యుదాహరణము. చిత్రకారుఁడు శంకర్ (కె. సి. శివశంకరన్, 1924–2020) గీసిన శీర్షికచిత్రమున రాజు భుజముపై శవము, చేతఁ గత్తి, నేలపైఁ బుఱ్ఱెలు. బాలుఁడు భయపడును, భయపడియు మరల మరలఁ జూచును. కథ చదువును; కథాంతమందలి ప్రశ్నను మాత్రము తఱచుగా దాఁటిపోవును. పెద్దవాఁడు ప్రశ్నయొద్దనే యాఁగును.

ఈ కథలకు సోమదేవుని కథాసరిత్సాగరము (11వ శతాబ్ది) ప్రసిద్ధమైన యాకరము. అందు రాజు త్రివిక్రమసేనుఁడు. తెలిసియుఁ జెప్పకున్నచోఁ దల పగులును. చెప్పినచో మౌనము చెడి శవము చెట్టెక్కును. అనఁగా జ్ఞానమే యాతని కార్యమునకు విఘ్నము. కడపటి ప్రశ్నకు సమాధానము తోఁపక రాజు మౌనము వహించినప్పుడు గాని బేతాళుఁడు ప్రసన్నుఁడై భిక్షువు కపటమును దెలుపలేదు. చందమామలోఁ గథలు వందలకొలఁదిగాఁ బెరిగెను. నెలనెలయుఁ బత్రిక వెలువడవలెను. కావున రాజు నెలనెలయు మాటాడవలసినవాఁడయ్యెను. తన విద్యయే తనకుఁ బనిభంగమగుటను గొంత కాల మనుభవించినవానికిఁ గాని యీ కథాబంధము మనస్సునకుఁ బట్టదు.

ఇదంతయుఁ బూర్వస్మృతివలనఁ గలిగిన మమకారమే గాని గ్రంథగుణము గాదని కొంద ఱనవచ్చును. వాఁడే యీ దేవదత్తుఁ డను ప్రత్యభిజ్ఞావాక్యమున నాఁటి ధర్మమును నేఁటి ధర్మమును విడిచి వ్యక్తి నొక్కనినే గ్రహింతురు. ఇచటఁ గథ యందుకు విపరీతము. పుస్తకము మాఱలేదు, పాఠకుఁడు మాఱెను. ఆ మాఱిన పాఠకునకును గ్రొత్తయర్థ మియ్యఁగలిగినదే చదువఁదగిన గ్రంథము. కేవలము మమకారమే యైనచో దోషములు కనఁబడకుండవలెను; కాని కనఁబడుచున్నవి. రాక్షసుఁడు తఱచు నల్లనివాఁడు. సవతితల్లి తఱచు క్రూరురాలు. బాలుఁడు ప్రశ్నింపక గ్రహించిన యీ సంకేతములను బెద్దవాఁడు గుర్తించి సంకోచించును. ఆ సంకోచము సయితము పునఃపఠనఫలమే.

కావ్యముల తాళపత్రములకుఁ బరిష్కర్తలు గలరు. బాలవాఙ్మయమున కంతటి రక్షణ లేదు. మిక్కిలి ప్రీతితోఁ జదువఁబడిన సంచికయే మిక్కిలి చినిఁగినది. కథను మాత్ర మెత్తి వ్రాసి బొమ్మను విడుచుటయుఁ జాలదు; ఆ చిత్రము లేనిచో బేతాళకథలో సగము పోవును. కావున నట్టి సంచికలను జిత్రసహితముగ, వెలువడిన క్రమముతో భద్రపఱచుట పరిశోధకుల కర్తవ్యము. బాలవ్యాకరణమునకు వ్యాఖ్యలు వ్రాసిన పండితలోకమునకు 'బాల' పత్రిక యనాదరణీయము గారాదు.