మార్చురీ నుంచి మైక్రోస్కోపు దాకా

డాక్టరంటే మెడలో స్టెతస్కోపు ఉన్నవాడే మన కళ్లముందు మెదులుతాడు. రోగికి కనిపించకుండా జబ్బు తేల్చే డాక్టరు మరొకరున్నారు. ఆయన పెథాలజిస్టు. నేను ఇంజనీరును. మా తరగతి మిత్రుడొకడు పెథాలజీ ఎం.డి. చేసిన మూడేళ్లూ వాడి కబుర్లు వింటూ ఆ శాస్త్ర చరిత్ర మీద మక్కువ పెంచుకున్నాను. మన బడి పిల్లలకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ శాస్త్రం శవపరీక్షతో నిలదొక్కుకుంది. 1761లో ఇటలీలో మోర్గాన్యి, తన 79వ ఏట, సుమారు 700 శవపరీక్షల వివరాలతో గ్రంథం ప్రచురించాడు. రోగి చెప్పిన బాధకూ, చనిపోయాక అవయవంలో కనిపించిన మార్పుకూ ముడి చూపించాడు. 1858లో జర్మనీలో విర్షో జబ్బు మూలం కణంలో ఉందన్నాడు. 1943లో అమెరికాలో పాపనికొలావ్, ట్రౌట్ రాలిన కణాలను చూసి గర్భాశయ కేన్సరును పసిగట్టే పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. పోయాక కారణం వెతికిన శాస్త్రం బతికుండగానే హెచ్చరించే స్థాయికి ఎదిగింది.

మన తెలుగునేల మీదా ఆ అవసరం కనిపించింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పు నోట్లోకి ఉండేలా పెట్టుకుని తాగే అలవాటుంది. దాన్ని అడ్డపొగ అంటారు. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు ఈ అలవాటుకూ అంగిలి కేన్సరుకూ ఉన్న సంబంధం మీద పత్రం ప్రచురించారు. అలాంటి జబ్బును మనిషి బతికుండగానే నోట్లో పట్టుకోవాలి.

చిక్కంతా పీజీ విద్యార్థిది. గడ్డలోంచి సూదితో తీసిన కణాలను, పాప్ రంగు వేయాలంటే, తడి ఆరకముందే ఆల్కహాలులో ముంచాలి. అదే పూట మార్చురీ నుంచి కబురొస్తే శవమూ ఆగదు, బయట చెట్టుకింద బంధువులూ ఆగలేరు. "ఒరేయ్, సూది దగ్గర వేగం కావాలి, మార్చురీలో ఓపిక కావాలి. రెండూ ఒకే రోజు కావాలి" అనేవాడు మావాడు.

పోలీసు కేసుల పోస్టుమార్టం బోధనాసుపత్రుల్లో ఫోరెన్సిక్ విభాగం చేస్తుంది. పెథాలజీకి తరచు ఫార్మలిన్‌లో వేసిన గుండె, కాలేయం ముక్కలే చేరతాయి. జబ్బుతో పోయినవారి శవపరీక్షకు బంధువుల ఒప్పుకోలు కావాలి. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అలా సూది పరీక్షలు పెరిగాయి, శవపరీక్షలు తగ్గాయి. ప్రపంచమంతటా ఇదే వరస.

నష్టం ఇక్కడే ఉంది. మిరపచేలో బోరు మోటారు చప్పుడు విని లోపం చెప్పే మెకానిక్‌ను చూడండి. కాలిపోయిన మోటార్లు ఎన్నో విప్పి చూశాకే ఆ చెవి వచ్చింది. సూది ఒక్క చుక్కను చూపిస్తుంది. వైద్యులందరి అంచనా ఎంతవరకు నిజమో చూపించేది శవపరీక్ష.

ఇప్పుడు ఒంగోలులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మన బడి నుంచి ఎవరైనా పెథాలజీ వైపు వెళితే, మార్చురీ డ్యూటీని తప్పించుకోవాల్సిన పనిగా చూడొద్దని నా మనవి. అక్కడ నేర్చిన చూపే రేపు స్లైడు మీద ఒకరి ప్రాణం నిలబెడుతుంది.