తీరిన అప్పు, తరిగిన గ్రాంటు: డెట్రాయిట్‌లో సెక్షన్ 108 రుణాలు

అమెరికా నగరాల్లో ఫెడరల్ అభివృద్ధి రుణాల దుర్వినియోగం అనగానే చర్చ దొంగ బిల్లులు, కమీషన్ల చుట్టూ తిరుగుతుంది. ఒక్క డాలరూ ఎవరి జేబులోకీ పోకుండా, నిబంధనలన్నీ పాటిస్తూనే పేదల సొమ్మును పక్కదారి పట్టించవచ్చని, ఆ వీలు పథకంలోనే ఉందని ఈ వ్యాసం వాదన.

1974 నాటి గృహనిర్మాణ, సమాజాభివృద్ధి చట్టం కింద నగరాలకు ఏటా బ్లాక్ గ్రాంటు వస్తుంది. అందులో కనీసం 70 శాతం అల్ప, మధ్యస్థ ఆదాయ వర్గాలకు మేలు చేయాలి. అదే చట్టంలోని సెక్షన్ 108 ప్రకారం, వార్షిక గ్రాంటుకు అయిదు రెట్ల దాకా నగరం అప్పు తీసుకోవచ్చు. ఫెడరల్ ప్రభుత్వం హామీ ఉంటుంది. గడువు 20 ఏళ్ల వరకు. ప్రధాన తాకట్టు ఏమిటి? రాబోయే ఏళ్ల గ్రాంటే. అసలు చిక్కంతా ఇక్కడుంది. నగరం ఆ సొమ్మును అప్పుగా ఇచ్చిన డెవలపర్ వాయిదా కట్టకపోతే ఫెడరల్ ఖజానాకు నష్టం రాదు, నగరానికి అప్పిచ్చిన మదుపరులకూ రాదు. పేదవాడల పద్దుకే కోత పడుతుంది.

డెట్రాయిట్ ఈ పద్ధతిలో హోటళ్లకు, వాణిజ్య సముదాయాలకు అప్పులిచ్చింది. 1924లో కట్టిన బుక్ క్యాడిలాక్ హోటల్ 1984లో మూతపడింది. దాని పునరుద్ధరణకు వెచ్చించిన నిధుల్లో సెక్షన్ 108 రుణం 1.8 కోట్ల డాలర్లు. హోటల్ తిరిగి తెరుచుకున్నది 2008 అక్టోబరులో, లేమన్ బ్రదర్స్ కుప్పకూలిన మరుసటి నెలలో. ఫోర్ట్ షెల్బీ హోటల్, మెక్సికన్‌టౌన్ స్వాగత కేంద్రం కూడా ఇవే రుణాల జాబితాలో ఉన్నాయి. నగర గ్రాంటు ప్రణాళికలో ఇళ్ల మరమ్మతులు, నిరాశ్రయుల సేవల పద్దుల సరసనే సెక్షన్ 108 రుణ చెల్లింపు పద్దూ కనిపిస్తుంది. అక్కడ రాసిన ప్రతి డాలరూ పై పద్దుల్లోకి వెళ్లగలిగినదే.

రెండు దశాబ్దాలకు పైగా పాడుబడిన భవనంలో దీపాలు వెలగడం నగరానికి మేలు కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మేలే. కానీ అందులోని నష్టభయం మోయాల్సింది ఎవరు? ఆ మేలులో అందరికన్నా తక్కువ వాటా దక్కేవారి చేత మోయించడం అన్యాయం.

2013 జులైలో డెట్రాయిట్ దివాలా పిటిషన్ వేసింది. మరుసటి ఏడాది కోర్టు ఆమోదించిన ప్రణాళికలో నగర సాధారణ ఉద్యోగుల పింఛన్లకు 4.5 శాతం కోత పడింది. సుమారు 9 కోట్ల డాలర్ల సెక్షన్ 108 బాకీ మాత్రం చెక్కుచెదరలేదు. ఫెడరల్ అభివృద్ధి రుణాలు తడబడింది డెట్రాయిట్‌లో మాత్రమే కాదు: 1992 అల్లర్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో 40 కోట్ల డాలర్లకు పైగా ఫెడరల్ రుణాలు, గ్రాంట్ల అండతో పెట్టిన సమాజాభివృద్ధి బ్యాంకు 2004 నాటికి మూతపడింది.

అయినా ఫెడరల్ గృహనిర్మాణ, నగరాభివృద్ధి శాఖ, హామీ సొమ్ము తాను చెల్లించాల్సిన అవసరం ఎన్నడూ రాలేదన్న విషయాన్ని ఈ పథకం విజయంగా చూపుతుంది. గ్రాంటు గుప్పిట్లో ఉన్నప్పుడు ఎగవేత ఎలా సాధ్యం? ప్రాజెక్టుల వారీగా ఎంత బాకీ వ్యాపార ఆదాయంతో తీరింది, ఎంత గ్రాంటుతో తీరింది అన్న లెక్కను ఆ శాఖ ఏటా బయటపెట్టాలి. ఆ లెక్క లేనంతకాలం ‘ఎగవేత లేదు’ అన్న మాటను విజయానికి రుజువుగా ఒప్పుకోకూడదు.