కోషు ద్రాక్ష: పండు నుంచి పానీయానికి – ఆహార సాంగత్య చరిత్ర

జపాన్ దేశపు యమనాషి ప్రాంతానికి పూర్వనామం కాయ్. దానికే కోషు అని మరోపేరు. అక్కడి ద్రాక్ష ఈ పేరుతోనే ప్రసిద్ధం. లేత గులాబీ రంగు తొక్కగల ఈ పండు నుంచి తెల్లని వైన్ తయారవుతుంది. చేపల వంటకాలకు ఇది తరతరాల తోడు అని నేటి ప్రచారం. ఆ మాటలో చరిత్ర ఎంత ఉన్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కోషు పుట్టుకకు రెండు ఐతిహ్యాలున్నాయి. 718లో గ్యోకి అనే బౌద్ధ భిక్షువుకు ద్రాక్షగుత్తి ధరించిన భైషజ్యగురు బుద్ధుడు స్వప్నంలో కనిపించాడని ఒకటి. 1186లో అమెమియ కగెయు కొండవాలున ఈ తీగను కనుగొన్నాడని మరొకటి. రెండూ దీన్ని స్థానిక వరప్రసాదంగానే చిత్రిస్తాయి. 2015లో వెలువడిన జన్యు పరిశోధన మాత్రం ఇందులో సుమారు 70 శాతం ఐరోపా ద్రాక్షజాతి అంశమనీ, మిగిలినది తూర్పు ఆసియా అడవి ద్రాక్షలదనీ తేల్చింది. అంటే తీగ పడమటి నుంచి నడిచివచ్చి, దారిలో సంకరమైంది. ఐతిహ్యం దాచిన ప్రయాణాన్ని తీగే చెప్పింది.

శతాబ్దాలపాటు కోషు తినే పండు మాత్రమే. మన తోటల్లోవలెనే పందిళ్లపై పెంచి, ఎదో నగరానికి పంపేవారు. వైన్ చరిత్రలో 1877 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది కట్సునుమకు చెందిన తకనో మసనరి, త్సుచియ ర్యూకెన్ అనే ఇద్దరు యువకులు తయారీ విద్యకై ఫ్రాన్సు వెళ్లి, 1879లో తిరిగివచ్చారు. వారిని పంపిన సంస్థ ఎక్కువకాలం నిలవలేదు. నాటి జపాన్ వినియోగదారులు తీపి కలిపిన వైన్‌నే ఆదరించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైన్ తయారీకి నౌకాదళ ప్రోత్సాహం లభించింది. కారణం రుచి కాదు, జలాంతర్గాములను పసిగట్టే శబ్దయంత్రాలకు కావలసిన టార్టారిక్ ఆమ్లం. ఈ ఘట్టాన్ని ప్రచార పత్రాలు అంతగా పేర్కొనకపోవడం గమనార్హం.

భోజనంతో నేటి బంధానికి పునాది 1980 దశకంలో పడింది. పులిసిన ఈస్టు మడ్డిపైనే వైన్‌ను కొన్ని నెలలుంచే పద్ధతి వ్యాపించి, పలుచని కోషుకు కొంత నిండుదనం తెచ్చింది. నిమ్మజాతి పండ్ల వాసన, మితమైన మద్యశాతం, ఒకింత చిరుచేదు దీని లక్షణాలు. అందుకే ఉప్పుతో తినే తెంపురాకు, పచ్చిచేప సషిమికి ఇది నప్పుతుంది. తెలుగులో నంజుకోవడం అనే మాట సూచించే సంబంధం ఇదే: పక్కనున్నది ప్రధానమైనదాన్ని మింగివేయరాదు.

2009లో జపాన్ పరిశోధకులు 64 వైన్‌లను స్కాలప్ అనే సముద్రజీవి మాంసంతో రుచిచూసి, నీచువాసనకు వైన్‌లోని ఇనుము ప్రధాన కారణమని నిరూపించారు. కోషులో ఇనుము తక్కువ అని ఉత్పత్తిదారులు దీన్నే ఉదాహరిస్తారు. కానీ ఇనుము పరిమాణం నేలనుబట్టి, తయారీ పరికరాలనుబట్టి కూడా మారుతుంది; దాన్ని జాతి గుణంగా మాత్రమే చెప్పడం తొందరపాటు. 2010లో అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ జాబితాలో కోషు నమోదై, ఐరోపా విపణికి దారి సుగమమైంది. సుషి పక్కన కోషు అనే చిత్రం విదేశాల్లో బలపడింది ఆ తరువాతనే.