బీపీ గీత కథ

1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను పరీక్షించిన గుండె వైద్యుడు హోవార్డ్ బ్రూయెన్‌కు బీపీ 186/108 కనిపించింది. వైట్‌హౌస్ వైద్యుడు మాత్రం అధ్యక్షుడు బాగానే ఉన్నారని లోకానికి చెబుతూ వచ్చాడు. వయసుకు వంద కలిపితే వచ్చేదే మామూలు పై బీపీ అని చాలామంది డాక్టర్లు నమ్మిన కాలమది. ఆ లెక్కన చూసినా 62 ఏళ్ల మనిషికి 162 దాటకూడదు! మరుసటి ఏడాది ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి రూజ్‌వెల్ట్ చనిపోయారు. అప్పటికి బీపీ 300/190.

ఇంతకీ ఎంత దాటితే జబ్బు? 1950లలో బ్రిటన్‌లో ఇద్దరు ఉద్దండులు దీనిమీదే తగువు పడ్డారు. మాంచెస్టర్‌కు చెందిన రాబర్ట్ ప్లాట్ అధిక రక్తపోటు వంశపారంపర్యంగా వచ్చే ప్రత్యేకమైన జబ్బన్నారు. అదే నిజమైతే జనం బీపీ అంకెలను గ్రాఫు మీద పెట్టినప్పుడు రెండు మూపురాలు కనబడాలి: ఆరోగ్యవంతులది ఒకటి, రోగులది ఒకటి. మధ్య లోయలో గీత గీసేస్తే సరిపోతుంది.

లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో జార్జ్ పికరింగ్ బృందం వేరే జబ్బులతో వచ్చిన వందలాది మందికి బీపీ చూసి, 1954లో లెక్కలు అచ్చువేసింది. మూపురం ఒక్కటే. కుడివైపు మాత్రం పొడుగాటి తోక. వయసు పెరిగేకొద్దీ ఆ తోక ఇంకా సాగింది. లోయ ఎక్కడా లేదు. ఇలా ఒకవైపు సాగిన లెక్కలో కొందరి పెద్ద అంకెలే సగటును పైకి లాగేస్తాయి కాబట్టి, సగటును బట్టి హద్దు పెట్టడమూ కుదరదు. గీత మనం పెట్టుకున్నదేనని పికరింగ్ తేల్చేశారు. వైద్యులకు రెండు వరకే లెక్క వచ్చు, అంతకుమించి రాదని ఎద్దేవా కూడా చేశారు. చివరికి ఆయన మాటే నెగ్గింది.

బీమా కంపెనీలకు ఈ గొడవ పట్టలేదు. 1925 నాటికే పాలసీదారుల మరణాలు లెక్కగట్టి, బీపీతోపాటు ముప్పూ మెట్టుమెట్టుగా పెరుగుతుందని గ్రహించి, ప్రీమియం దాన్నిబట్టే వేశాయి.

మందులొచ్చాక అసలు ప్రశ్న మారింది: ఏ అంకె దగ్గర మందు వేస్తే నష్టం కంటే మేలెక్కువ? ఒకప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 160/95 అన్న హద్దు తర్వాత 140/90కి దిగింది. 2017లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు 130/80కి దించాయి. దాంతో అక్కడి పెద్దవాళ్లలో బీపీ ఉన్నవారి వాటా సుమారు 32 శాతం నుంచి 46 శాతానికి ఎగబాకింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నేటికీ 140/90దే చెల్లుబాటు. హైదరాబాద్‌లో 134/84 చూపించి నిశ్చింతగా విమానమెక్కిన తాతయ్య, డాలస్‌లో కూతురింటికి చేరేసరికి బీపీ పేషెంటు.