పాత జ్యూక్‌బాక్స్, రికార్డు ప్లేయర్ మోటారు తిరగకపోతే ఏం చూడాలి?

తాతల నాటి తెలుగు రికార్డులు అటక మీద భద్రంగానే ఉన్నా, వాటిని వినిపించే యంత్రం చాలా ఇళ్లలో మూగబోయింది. మోటారు పోయిందనుకుని పాత సామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. చాలాసార్లు మోటారు కాలిపోయి ఉండదు. లోపలి నూనె ఎండి, జిగురుగా మారి బిగుసుకుపోయి ఉంటుంది.

ఎలా తిరుగుతుంది?

పాత ఎలక్ట్రిక్ ప్లేయర్లు చాలావాటిలో ఏసీ మోటారు ఇరుసుకు చిన్న పుల్లీ ఉంటుంది. ఆ పుల్లీకీ, రికార్డు పెట్టే పళ్లెం లోపలి అంచుకూ మధ్య ఒక రబ్బరు చక్రం ఒత్తుకుని పళ్లేన్ని తిప్పుతుంది. కొన్నింటిలో చక్రానికి బదులు బెల్టు ఉంటుంది.

ముందు జాగ్రత్త

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయాలి. వాల్వులున్న ఆంప్లిఫయర్ జోలికి వెళ్లొద్దు. ప్లగ్ తీశాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చు. విప్పే ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసుకుంటే, వాషర్లు తిరిగి ఏ వరుసలో వేయాలో తెలుస్తుంది.

లక్షణాన్ని బట్టి లోపం

• గుయ్‌మని శబ్దం వస్తోంది, తిరగడం లేదు: వెంటనే ఆపేయండి. అలాగే ఉంచితే కాయిల్ కాలుతుంది. ప్లగ్ తీసి ఇరుసును వేళ్లతో తిప్పండి. బిగువుగా ఉంటే మోటారు విప్పి, బుష్‌లలోని పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక రెండు మూడు చుక్కల పల్చని మెషిన్ ఆయిల్ వేయండి. కొబ్బరినూనె, వంటనూనె, గ్రీజు వద్దు.

• శబ్దమే లేదు: ప్లగ్, వైరు, స్విచ్ చూడండి. అవి బాగుంటే మోటారు వైర్లు విడదీసి మల్టీమీటర్‌తో ఓములు కొలవండి. రీడింగ్ ఏమీ రాకపోతే కాయిల్ తెగినట్టు. కాయిల్‌కూ మోటారు బాడీకీ మధ్య రీడింగ్ వస్తే షాక్ కొడుతుంది, వాడకండి. ఈ రెండు సందర్భాల్లోనూ మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్లాలి.

• మోటారు తిరుగుతోంది, పళ్లెం జారుతోంది: రబ్బరు చక్రం, పుల్లీ, పళ్లెం లోపలి అంచు తుడవండి. ఈ మూడింటికీ నూనె తగలకూడదు. రబ్బరు గట్టిపడినా, ఒకచోట నొక్కుకుపోయినా చక్రానికి కొత్త రబ్బరు వేయించాలి.

• పాటలో గరగర: మోటారు కింది రబ్బరు గ్రోమెట్లు గట్టిపడి ఉంటాయి, మార్చండి.

అమెరికా జ్యూక్‌బాక్స్ అయితే

సీబర్గ్, వుర్లిట్జర్, రాక్‌-ఓలా వంటి అమెరికా యంత్రాలను అక్కడి సుమారు 115 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకు తయారుచేశారు. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. అందుకే 45 చుట్లు తిరగాల్సిన రికార్డు 37.5 చుట్లే తిరుగుతుంది. మోటారు కూడా ఎక్కువ వేడెక్కుతుంది. పుల్లీతో నడిచే యంత్రానికి 50 హెర్ట్జ్ పుల్లీ వేయించాలి. దాని వ్యాసం పాతదానికి 1.2 రెట్లు ఉంటుంది. వేడి తగ్గకపోతే మెకానిక్‌కు చూపించాలి.

వేగం సరిచూడటం

పళ్లెం అంచున కాగితం ముక్క అంటించి, రికార్డు మీద ముల్లు ఉంచి లెక్కపెట్టండి. 33⅓ వేగంలో 3 నిమిషాలకు 100 చుట్లు రావాలి. 45 వేగంలో నిమిషానికి 45, పాత 78 రికార్డులకు నిమిషానికి 78 రావాలి.

పిల్లల కోసం పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు ఈ లెక్క తప్పక చూడండి. 45 బదులు 37.5 చుట్ల వేగంతో ఎక్కిస్తే శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. తెలుగు రాష్ట్రాలకు దూరంగా పెరిగే పిల్లలు ఆ బరువెక్కిన గొంతునే అసలు గొంతు అనుకుంటారు.